విదేశీ ప్రయాణంలో డబ్బు, భద్రత: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రయాణానికి ముందు తీరిగ్గా అడిగే ప్రశ్నలూ, అక్కడికెళ్లాక కంగారుగా అడిగే ప్రశ్నలూ రెండూ ఇందులో ఉన్నాయి. ఇప్పటికే పర్సో పాస్‌పోర్టో పోయి ఇది చదువుతున్నవాళ్లు మిగతావన్నీ వదిలేసి, కింద “అన్నీ పోయాయి, ఇప్పుడేం చేయాలి?” అన్న ప్రశ్న దగ్గరికి వెళ్లిపోండి.

ఎంత నగదు పట్టుకెళ్లాలి?

అది వెళ్లే దేశాన్ని బట్టి ఉంటుంది. స్టాక్‌హోమ్ సిటీ బస్సులో నోటు ఇస్తే తీసుకోరు. స్వీడన్‌లో చాలా దుకాణాలదీ అదే పద్ధతి. జపాన్, జర్మనీల్లో మాత్రం కొన్ని చిన్న రెస్టారెంట్లు ఇప్పటికీ నగదే అడుగుతాయి.

ఎక్కడికి వెళ్లినా ఒక లెక్క పనికొస్తుంది. దిగిన రోజు కార్డు పని చేయలేదనుకోండి. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి వెళ్లడానికి, రెండు పూటలు తినడానికి, ఒక రాత్రి గదికి ఎంతవుతుందో అంత స్థానిక కరెన్సీ చేతిలో ఉంటే చాలు. అది కాక, డాలర్లలోనో యూరోలలోనో కొంత అత్యవసరానికి విడిగా పెట్టుకోండి. దాన్ని ఖర్చు పెట్టే డబ్బుగా లెక్కేసుకోవద్దు. మిగతాది ఏటీఎంలో ఎప్పటికప్పుడు తీసుకోవచ్చు.

అత్యవసరానికి దాచే డాలర్లు కొత్తగా, మడత పడకుండా ఉండాలి. ఎంత పాత నోటైనా చెల్లుతుందని అమెరికా ప్రభుత్వం అంటుంది. ఆసియా, ఆఫ్రికా దేశాల్లో మార్పిడి కౌంటర్ మీద కూర్చున్నాయన మాత్రం ఆ మాట వినడు. పెన్ను గీత ఉన్నా, అంచు చిరిగినా, పాత సిరీస్ అయినా వెనక్కి తోసేస్తాడు. కొన్నిచోట్ల 100 డాలర్ల నోటుకి ఇచ్చే రేటు 10, 20 నోట్లకి ఇవ్వరు కూడా.

చుట్టాలు ఎప్పుడో వెళ్లొచ్చినప్పుడు మిగిలిన నోట్లు ఇచ్చారు. పనికొస్తాయా?

చూసుకుని తీసుకెళ్లండి. ఉదాహరణకి బ్రిటన్‌లో కాగితపు 20, 50 పౌండ్ల నోట్లు 2022 సెప్టెంబర్ 30 తర్వాత దుకాణాల్లో చెల్లవు. వాటిని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మార్చి ఇస్తుంది కానీ, నాలుగు రోజుల ట్రిప్పులో ఆ పని ఎవరు పెట్టుకుంటారు!

ఎంత దాటితే కస్టమ్స్ వాళ్లకి చెప్పాలి?

అమెరికాలోకి వస్తున్నా, బయటికి వెళ్తున్నా 10,000 డాలర్లకి మించితే చెప్పాలి. యూరోపియన్ యూనియన్ సరిహద్దులో 10,000 యూరోలు, అంతకు పైన ఉంటే చెప్పాలి. సింగపూర్‌లో పరిమితి 20,000 సింగపూర్ డాలర్లు. వేరే కరెన్సీలో ఉన్నా దాని విలువ కట్టి చూస్తారు. ట్రావెలర్స్ చెక్కులూ ఈ లెక్కలోకి వస్తాయి.

చాలామంది ఇక్కడ అనవసరంగా భయపడతారు. ఇది పన్ను కాదు, అంతకు మించి తీసుకురాకూడదన్న నిషేధమూ కాదు. ఒక ఫారం నింపి సంతకం పెడితే సరిపోతుంది. చెప్పకుండా దొరికిపోతే మాత్రం మొత్తం పట్టుకోవచ్చు. కుటుంబంలో తలా కొంచెం పంచుకుంటే తప్పించుకోవచ్చన్న సలహా వింటుంటాం. కలిసి వెళ్లే కుటుంబాన్ని ఒకటిగా లెక్కేసే చోట్లున్నాయి, అమెరికా అలాంటిదే.

మీరు బయల్దేరే దేశం నుంచి ఎంత తీసుకెళ్లనిస్తారో కూడా చూసుకోండి. ట్యునీషియా లాంటి కొన్ని దేశాలు తమ కరెన్సీని బయటికి తీసుకెళ్లనివ్వవు కాబట్టి అక్కడ చివరి రోజుకి మిగలకుండా మార్చుకోవాలి.

డబ్బు ఎక్కడ మార్చుకుంటే మంచిది?

విమానాశ్రయంలో రేటు బాగోదు, అందుకే అక్కడ ఆ పూటకి కావలసినంతే మార్చుకోండి. ఊళ్లో కౌంటర్ల బోర్డులు చదవడంలో ఒక కిటుకుంది. అక్కడ రెండు వరుసలుంటాయి. పెద్ద అక్షరాల్లో కనబడే మంచి రేటు తరచుగా వాళ్లు విదేశీ కరెన్సీ అమ్మే రేటు. మీ నోటు వాళ్లు కొంటారు కాబట్టి మీకు వర్తించేది రెండోది. “కమిషన్ లేదు” అన్న బోర్డు చూసి సంబరపడకండి, కమిషన్‌ని రేటులోనే కలిపేసి ఉంటారు. అడగాల్సింది ఒక్కటే ప్రశ్న: “ఈ నోటిస్తే నా చేతికి ఎంతొస్తుంది?” అంకె కాగితం మీద రాయించుకుని, నచ్చితేనే నోటు ఇవ్వండి.

ప్రాగ్‌లో ఈ మోసాలు మితిమీరడంతో చెక్ ప్రభుత్వం 2019 నుంచి ఒక వెసులుబాటు తెచ్చింది. 1,000 యూరోల విలువ వరకు జరిగిన మార్పిడిని మూడు గంటల లోపు రద్దు చేసుకుని డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. రసీదు ఉండాలి. రసీదు ఎక్కడైనా అడిగి తీసుకోవాల్సిందే.

లెక్కపెట్టడంలో జరిగే మోసం చూస్తే కానీ నమ్మరు. అతను మీ ఎదురుగానే చిన్న నోట్లు దొంతరగా లెక్కపెడతాడు. మీరూ లెక్కపెడతారు, సరిపోతుంది. “ఒక్కసారి ఇవ్వండి, సర్ది ఇస్తా” అని దొంతర తీసుకుని బల్ల అంచున తట్టి సర్దుతాడు. ఆ తట్టడంలోనే కింది నుంచి నాలుగైదు నోట్లు బల్ల అవతలికి జారిపోతాయి. లెక్కపెట్టిన మీదట దొంతర మళ్లీ అతని చేతికి వెళ్తే, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలి. ఆఖరిగా తాకిన చేయి మీదే కావాలి.

బయట ఒకతను కౌంటర్ కంటే ఎక్కువ రేటు ఇస్తానంటున్నాడు.

వద్దు. చాలా దేశాల్లో అది నేరం. చెల్లని నోట్లో, దొంతర మధ్యలో మడిచిన నోట్లో, వేరే దేశం నోట్లో చేతిలో పెడితే ఫిర్యాదు చేయడానికి కూడా మీకు వీలుండదు.

ఏటీఎం స్క్రీన్ “మీ సొంత కరెన్సీలో తీసుకుంటారా?” అని అడుగుతోంది. ఏది నొక్కాలి?

స్థానిక కరెన్సీ. ఎప్పుడూ స్థానిక కరెన్సీయే.

దీన్ని డీసీసీ అంటారు, అంటే అక్కడికక్కడే కరెన్సీ మార్చేయడం. మీ సొంత కరెన్సీలో అంకె కనబడేసరికి మనసుకి హాయిగా ఉంటుంది. కానీ ఆ మార్పిడి రేటు పెట్టేది మీ బ్యాంకు కాదు, ఆ యంత్రం నడిపేవాడు. వీసా, మాస్టర్‌కార్డ్ నెట్‌వర్క్ రేటు కంటే అది దాదాపు ఎప్పుడూ ఖరీదే. స్క్రీన్ కూడా మిమ్మల్ని అటే తోస్తుంది: “మార్పిడితో కొనసాగించు” అన్నది పెద్ద ఆకుపచ్చ బటన్, “మార్పిడి వద్దు” అన్నది మూలన చిన్నగా. వద్దని నొక్కితే లావాదేవీ రద్దయిపోతుందేమో అనిపించేలా రాస్తారు. రద్దు కాదు, డబ్బొస్తుంది. దుకాణంలో కార్డు గీసే మెషీన్ మీదా ఇదే ప్రశ్న వస్తుంది. కొన్నిచోట్ల మిమ్మల్ని అడక్కుండా క్యాషియరే నొక్కేస్తాడు కాబట్టి స్లిప్ మీద ఏ కరెన్సీ ఉందో చూశాకే సంతకమైనా, పిన్ అయినా.

ఇక ఏటీఎం ఎంపిక. బ్యాంకు బ్రాంచికి ఆనుకుని ఉన్నదాన్ని, బ్రాంచి తెరిచి ఉండే వేళల్లో వాడండి. కార్డు లోపల ఇరుక్కుంటే అడగడానికి మనిషి ఉంటాడు. కార్డు దూర్చే చోట లాగి చూడండి, వదులుగా కదిలితే పక్క యంత్రానికి వెళ్లండి. కార్డు ఇరుక్కున్నప్పుడు వెనక నుంచి ఎవరో వచ్చి “పిన్ మళ్లీ కొట్టండి, వచ్చేస్తుంది” అని సాయం చేయబోతే, కార్డు ఇరుక్కునేలా చేసింది వాళ్లే అయ్యుండొచ్చు. వాళ్లకి కావాల్సింది మీ పిన్. అక్కడి నుంచి కదలకుండా ఫోన్‌లో కార్డు బ్లాక్ చేయండి.

కార్డుల విషయంలో బయల్దేరే ముందు చేయాల్సినవేంటి?

విదేశీ వాడకం ఆన్ చేసుకోవడం అందరికీ తెలుసు. తెలియనిది ఓటీపీ గొడవ. అక్కడి సిమ్ కొని, ఇంటి సిమ్ తీసి సూట్‌కేసులో పడేస్తారు. తర్వాత రైలు టికెట్ కొనబోతే ఓటీపీ ఆ సిమ్‌కి వస్తుంది. ఇంటి నంబర్‌కి మెసేజ్‌లైనా వచ్చేలా రోమింగ్ పెట్టుకోండి, ఇంటర్నెట్‌కి ఈసిమ్ వాడుకోవచ్చు.

పిన్ ఆరంకెలదైతే కొన్ని దేశాల యంత్రాలు నాలుగంకెలే తీసుకుంటాయి. బ్యాంకు ఒప్పుకుంటే నాలుగుకి మార్చుకోండి.

కనీసం రెండు కార్డులు, రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లవి ఉండాలి. హోటల్, అద్దె కారు దగ్గర క్రెడిట్ కార్డే ఇవ్వండి. వాళ్లు డిపాజిట్ కింద కొంత సొమ్ము ఆపి ఉంచుతారు. క్రెడిట్ కార్డుపై అది పరిమితిలో కొంత తగ్గడమే. అదే డెబిట్ కార్డైతే మీ ఖాతాలోని అసలు డబ్బే రోజుల తరబడి ఇరుక్కుపోతుంది. దొంగ లావాదేవీ జరిగినా అంతే తేడా. ఒకదాంట్లో గొడవ బ్యాంకు సొమ్ము గురించి, రెండోదాంట్లో మీ సొమ్ము గురించి.

డబ్బు ఎక్కడ దాచుకోవాలి? మనీ బెల్ట్ మంచిదేనా?

ఎక్కడ దాచారన్న దానికంటే ఎన్నిచోట్ల దాచారన్నది ముఖ్యం. ఒక్క దొంగతనంతో డబ్బు, కార్డులు, పాస్‌పోర్టు, ఫోన్ మొత్తం పోయే పరిస్థితి ఉండకూడదు. మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే.

ఆ రోజు ఖర్చుకి కావలసినంత, ఒక కార్డు ముందు జేబులో. ఇది పోయేదే అనుకుని పెట్టుకోండి. రెండో కార్డు, అత్యవసర నోట్లు హోటల్ గదిలో, అది కూడా పర్సు పెట్టిన సంచిలో కాకుండా. పాస్‌పోర్టు వీలైతే గదిలో తాళం వేసి, ఫొటోకాపీ జేబులో పెట్టుకోండి. కొన్ని దేశాల్లో విదేశీయులు అసలు పాస్‌పోర్టే వెంట ఉంచుకోవాలని చట్టముంది, జపాన్ వాటిలో ఒకటి. అలాంటిచోట ఒంటికి ఆనుకుని ఉండేలా పెట్టుకోవడం తప్పదు. ఇద్దరు కలిసి వెళ్తే ఒకరి కార్డొకటి మరొకరి దగ్గర ఉంచండి.

మనీ బెల్ట్ మంచిదే, కానీ చాలామంది దాన్ని పర్సులా వాడతారు. టికెట్ కౌంటర్ ముందు చొక్కా ఎత్తి, జిప్ తీసి నోటు లాగితే చూసేవాళ్లందరికీ డబ్బెక్కడుందో మీరే చెప్పినట్టు. అది దాచుకోవడానికే, బాత్రూమ్ తలుపు వేసుకున్నాక తప్ప దాని మీద చెయ్యి పడకూడదు.

జేబుదొంగలు అసలెలా కొట్టేస్తారు?

ఒక్కడే రాడు. ఒకడు ఆపుతాడు, ఒకడు తీస్తాడు, ఒకడు దాన్ని అందుకుని వెళ్లిపోతాడు. అందుకే పట్టుకున్నా అతని దగ్గర ఏమీ దొరకదు.

రోమ్‌లో వాటికన్ వైపు వెళ్లే 64 నంబర్ బస్సు, బార్సిలోనాలో లా రాంబ్లా వీధి, పారిస్ మెట్రో ఈ పనికి పేరుపడ్డవి. మెట్రోలో చూడండి. రైలు తలుపులు తెరుచుకుంటాయి, ముందున్న మనిషి ఎక్కుతూ గడప మీదే ఆగిపోతాడు, ఏదో కిందపడినట్టు వంగుతాడు. మీరు అతనికి తగిలి ఆగుతారు, వెనకవాళ్లు మీకు తగులుతారు. ఆ రెండు సెకన్లలో తగిలినదంతా మామూలు తోపులాటలాగే ఉంటుంది. తలుపులు మూసుకునే బెల్ మోగగానే ముందువాడు దిగిపోతాడు. మీరు లోపల, పర్సు ప్లాట్‌ఫామ్ మీద.

ఇంకో రకం: భుజం మీద సాసో, పక్షి రెట్టో లాంటిది పడుతుంది. వెంటనే ఓ పెద్దావిడ “అయ్యో” అంటూ టిష్యూ పేపర్ తీసి తుడవడానికి వస్తుంది. మరక అలాగే ఉండనిచ్చి నడవండి, గదికెళ్లి తుడుచుకోవచ్చు. అట్టకి తగిలించిన కాగితం ముఖం ముందు పెట్టి సంతకం చేయమన్నా అంతే, ఆ అట్ట కింద ఇంకో చెయ్యి ఉంటుంది.

“జేబుదొంగలున్నారు జాగ్రత్త” అన్న బోర్డు కనబడగానే జేబు తడుముకోకండి. ఆ బోర్డు దగ్గర దొంగ నిలబడేది మీ చెయ్యి ఎటు వెళ్తుందో చూడ్డానికే.

అయితే స్నేహంగా పలకరించేవాళ్లందరినీ అనుమానించాలా?

అక్కర్లేదు. అలా అయితే ఇంట్లోనే కూర్చోవచ్చు. ముందు పలకరించింది ఎవరన్నది గమనించండి. దారి అడగడానికి మీరు ఎంచుకున్న మనిషి దొంగ అయ్యే అవకాశం చాలా తక్కువ. పర్యాటకుల రద్దీలో మిమ్మల్ని ఎంచుకుని వచ్చి, ఎక్కడికో తీసుకెళ్లబోయే మనిషి విషయమే వేరు. బ్యాంకాక్‌లో గ్రాండ్ ప్యాలెస్ దగ్గర “ఇవాళ మూసేశారు, వేరే గుడి చూపిస్తా” అనే పెద్దమనిషి మిమ్మల్ని చివరికి నగల దుకాణానికి చేరుస్తాడు. షాంఘైలో ఇంగ్లీషు ప్రాక్టీస్ చేస్తామనే విద్యార్థులు టీ రుచి చూద్దామని పిలుస్తారు, బిల్లు చూశాక గుండె ఆగుతుంది. మూసేశారన్నా సరే, గేటు దాకా వెళ్లి మీ కళ్లతో చూడండి.

పోలీసులమని చెప్పి పర్సు, పాస్‌పోర్టు చూపించమంటున్నారు.

దొంగనోట్లు తనిఖీ చేయాలంటూ మామూలు బట్టల్లో వచ్చి పర్సు అడిగితే అది దాదాపు నాటకమే. వాదించొద్దు, మర్యాదగా “స్టేషన్‌కి వెళ్దాం, అక్కడ చూపిస్తాను” అనండి. నడిచే వెళ్దామనండి, వాళ్ల కారు ఎక్కొద్దు. పక్కనే హోటలో బ్యాంకో ఉంటే అందులోకి వెళ్లి అక్కడివాళ్ల చేత పోలీసులకి ఫోన్ చేయించండి. నిజం పోలీసులైతే దానికి అభ్యంతరం చెప్పరు.

టాక్సీలో డబ్బు దగ్గర గొడవ రాకుండా?

యాప్‌లో పిలవండి, లేదా ఎక్కకముందే మీటరా, మాట్లాడుకున్న రేటా తేల్చుకోండి. నోటు ఇచ్చేటప్పుడు దాని విలువ పైకి చెబుతూ ఇవ్వండి. పెద్ద నోటిస్తే చేతిలోనే చిన్న నోటుగా మార్చి “ఇదేగా ఇచ్చారు” అనడం పాత ట్రిక్కు. వియత్నాంలో 20,000 డాంగ్ నోటూ నీలమే, 5 లక్షల డాంగ్ నోటూ నీలమే. చీకట్లో మీరే పొరపాటు పడొచ్చు. సామాన్లు డిక్కీలోంచి దింపుకున్నాకే డబ్బివ్వండి.

ఫోన్ పోతే?

ఇప్పుడు పర్సు కంటే పెద్ద నష్టం అదే. టికెట్లు, మ్యాపు, బ్యాంకు, ఓటీపీ అన్నీ దాంట్లోనే. లండన్‌లో రోడ్డంచున నిలబడి మ్యాప్ చూస్తుంటే ఎలక్ట్రిక్ బైక్ మీద వచ్చి చేతిలోంచి లాక్కుపోతారు. తెరిచి ఉన్న ఫోన్ దొరకడమే వాళ్లకి కావాల్సింది. దారి చూసుకోవాలంటే గోడ వైపు తిరిగి, లేదా ఏదైనా దుకాణంలోకి వెళ్లి చూడండి. బ్యాంకు యాప్‌కి ఫోన్ లాక్ నంబరే పెట్టొద్దు, వేరేది పెట్టండి. *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ (మీ ఫోన్‌ని గుర్తించే) నంబర్, బ్యాంకు ఫోన్ నంబర్, ఇంట్లోవాళ్ల నంబర్ కాగితం మీద రాసి సామాన్లలో పెట్టుకోండి. సొంత మనిషి నంబర్ కూడా గుర్తుండని రోజులివి.

హోటల్ గది సురక్షితమేనా?

గదిలోని లాకర్ బయట దొంగ నుంచి కాపాడుతుంది. సిబ్బంది దగ్గర దాన్ని తెరిచే మాస్టర్ కోడ్ ఉంటుందని మర్చిపోవద్దు. పెద్ద మొత్తమైతే రిసెప్షన్‌లో రసీదు తీసుకుని దాచండి.

అర్ధరాత్రి గది ఫోన్ మోగి “రిసెప్షన్ నుంచి, మీ కార్డు పని చేయలేదు, నంబర్ మళ్లీ చెప్పండి” అంటే పెట్టేయండి. బయటివాడెవడో హోటల్‌కి ఫోన్ చేసి మీ గది నంబర్‌కి కలపమని ఉంటాడు. పొద్దున కిందికెళ్లి అడిగితే తెలుస్తుంది.

ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకి ప్రత్యేకంగా ఏమైనా?

గది నంబర్ రిసెప్షన్‌లో పైకి చెబితే వేరే గది అడగడానికి మొహమాటపడొద్దు. తలుపు కింద దూర్చే చిన్న రబ్బరు ముక్క దొరుకుతుంది, లోపలి గడియ వదులుగా ఉన్నచోట ప్రాణానికి హాయి. రాత్రి దిగే రైలు, బస్సు కంటే పగలు దిగేది కొంచెం ఖరీదైనా అదే తీసుకోండి. ఇంట్లో ఒక్కరికి లైవ్ లొకేషన్ పెట్టండి.

ఈ కిందిది మగవాళ్లకి కూడా. తాగే గ్లాసు వదిలి వెళ్లొద్దు, మూత తీసిన సీసాలోంచి పోసే చవక మద్యం అసలొద్దు. 2024 నవంబర్‌లో లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌లో మిథనాల్ అనే విషం కలిసిన మద్యం తాగి ఆరుగురు విదేశీ పర్యాటకులు చనిపోయారు.

కత్తి చూపించి అడిగితే?

ఇచ్చేయండి. మాట్లాడకుండా, చేతులు కనబడేలా ఉంచి, నెమ్మదిగా. ముందు జేబులో తక్కువే పెట్టుకోమన్నది ఈ రోజు కోసమే.

అన్నీ పోయాయి, ఇప్పుడేం చేయాలి?

ముందు మనుషులున్న చోటికి, దుకాణంలోకో హోటల్‌లోకో వెళ్లి కూర్చోండి. దెబ్బలు తగిలితే అత్యవసర నంబర్‌కి చేయించండి. యూరప్‌లో 112, అమెరికా, కెనడాల్లో 911, బ్రిటన్‌లో 999.

తర్వాత కార్డులు. పోలీస్ స్టేషన్‌కి పరిగెత్తడం కంటే ఇది ముందు, ఎందుకంటే ట్యాప్ చేసి కట్టే కార్డుకి చిన్న మొత్తాలకి పిన్ అక్కర్లేదు. మీరు లైన్లో నిలబడ్డంతసేపూ అది మోగుతూనే ఉంటుంది. ఎవరి ఫోనైనా అడిగి బ్యాంకుకి చేయండి. ఫోన్ కూడా పోతే ఇంకో ఫోన్ నుంచి దాన్ని లాక్ చేసి, సిమ్ బ్లాక్ చేయించండి.

అప్పుడు పోలీసుల దగ్గరికి. దొరుకుతుందని కాదు, రిపోర్ట్ కాగితం కోసం. బీమా కంపెనీ మొదట అడిగేది అదే, ఆలస్యమైతే ఒప్పుకోని పాలసీలున్నాయి. థాయ్‌లాండ్‌లో పర్యాటక పోలీసులు 1155కి పలుకుతారు. జపాన్‌లో వీధి మలుపుల్లో కోబాన్ అనే చిన్న పోలీస్ బూత్‌లుంటాయి. అక్కడ పోయిన పర్సులు నోట్లతో సహా తిరిగి రావడం మామూలే కాబట్టి తప్పకుండా అడగండి.

పాస్‌పోర్టు పోయిందని చెప్పే ముందు గది, సామాన్లు మొత్తం ఒకసారి వెతకండి. పోయిందని నమోదైతే అది రద్దవుతుంది, ఇంటర్‌పోల్ 2002లో మొదలుపెట్టిన పోయిన పత్రాల జాబితాలోకీ చేరుతుంది. మర్నాడు కోటు జేబులో దొరికినా దాంతో ప్రయాణం చేయకూడదు, సరిహద్దులో ఆపేస్తారు. నిజంగా పోతే మీ దేశపు ఎంబసీకి గానీ కాన్సులేట్‌కి గానీ పోలీస్ రిపోర్ట్, ఫొటోలు, పాత పాస్‌పోర్టు కాపీ తీసుకెళ్లండి. వాళ్లిచ్చే తాత్కాలిక పత్రం చాలావరకు ఇంటికి వెళ్లడానికే పనికొస్తుంది, మిగతా దేశాలు చుట్టడానికి కాదు. పాత పాస్‌పోర్టుతో పాటు వీసా కూడా పోయింది కాబట్టి, దేశం వదిలే ముందు అక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళ్లాల్సి వస్తుందా అని అక్కడే అడిగేయండి.

చేతి ఖర్చుకి ఇంట్లోవాళ్లు వెస్టర్న్ యూనియన్, మనీగ్రామ్ లాంటి వాటి ద్వారా పంపొచ్చు. తీసుకోవడానికి గుర్తింపు కాగితం కావాలి, అందుకే ఎంబసీ పని అయ్యాక ఈ పని సులువు. కార్డు బ్లాక్ చేసేటప్పుడే అత్యవసర నగదో, బదులు కార్డో వస్తుందా అని అడగండి. వీసా, మాస్టర్‌కార్డ్ రెండింటికీ ఆ సదుపాయముంది, కానీ అడగందే బ్యాంకువాళ్లు చెప్పరు.

పోలీసులు మనల్నే పట్టుకుంటే?

మీ దేశపు కాన్సులేట్‌కి తెలియజేయమని అడిగే హక్కు 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం మీకుంది. అడగండి. అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు. కాన్సులేట్ మిమ్మల్ని విడిపించలేదు, జరిమానా కట్టదు. లాయర్ల జాబితా ఇస్తుంది, ఇంట్లోవాళ్లకి కబురు చేస్తుంది.

చివర్లో మిగిలిన చిల్లర ఏం చేయాలి?

నాణేలు మార్పిడి కౌంటర్లు తీసుకోవు. ఆఖరి రోజు హోటల్ బిల్లులో చిల్లరంతా ఇచ్చి మిగతాది కార్డు మీద కట్టండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు. నోట్లు మిగిలితే విమానం ఎక్కేముందే మార్చుకోండి. కొన్ని దేశాల కరెన్సీని బయట కొనేవాళ్లు దొరకరు.